మారేడుమిల్లి నుంచి పాపికొండల దాకా: ఫ్యామిలీ ట్రిప్ ప్లాన్‌లో ఎవరూ రాయని చరిత్ర

ఈ ఎపిసోడ్ కొంచెం తేడాగా ఉంటుంది. చాలామంది మెసేజ్ చేస్తున్నారు: "బ్రో, మీది రాజమండ్రే కదా, పాపికొండలు ట్రిప్‌కి ఒక ప్లాన్ చెప్పండి, పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్నారు" అని. ప్లాన్ చెప్తాను. కానీ మనది హిస్టరీ ఛానెల్. కాబట్టి రూటు చెప్తూ చెప్తూ ఆ రూటు ఎలా పుట్టిందో కూడా చెప్తాను. ఎందుకంటే ఈ దారిలో ప్రతి మలుపు దగ్గరా ఒక గొడవ జరిగింది. పన్ను గొడవ, కల్లు గొడవ, పోడు గొడవ, రోడ్డు గొడవ, ఇప్పుడు నీళ్ళ గొడవ.

ముందు పార్కు గురించి రెండు ముక్కలు. పాపికొండల్ని 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2008లో జాతీయ ఉద్యానవనం చేశారు. విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్ల పైమాటే. తూర్పు కనుమల్ని చీల్చుకుని గోదారి వచ్చే చోట, నదికి రెండు వైపులా ఉంటుందీ అడవి. అడవిదున్న, చిరుత, కణుజు, రాచనాగు, అన్నీ ఉన్నాయి. పులి జాడలు కూడా ఉన్నాయి. పేరు సంగతి మీకు తెలిసిందే. ఆడవాళ్ళు తల దువ్వి పాపిడి తీసినట్టు కొండల మధ్యలోంచి నది వెళ్తుంది, అందుకే పాపిడికొండలు, వాడుకలో పాపికొండలు అయ్యాయని అంటారు.

ఇప్పుడు ప్లాన్. మూడు రోజులు, ఒక కారు. మొదటి రోజు రాజమండ్రి, కోరుకొండ, గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి. దాదాపు 90 కిలోమీటర్లు. రెండో రోజు ఘాట్ దిగి చింతూరు, కూనవరం, భద్రాచలం. మూడో రోజు భద్రాచలం నుంచి అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం, కొవ్వూరు మీదుగా గోదారి దాటి మళ్ళీ రాజమండ్రి. మ్యాప్‌లో చూస్తే పార్కు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసినట్టు ఉంటుంది. బోటు ప్రయాణం మాత్రం వేరే రోజు పెట్టుకోండి. అది ఎందుకో చివర్లో చెప్తాను.

బండి తీద్దాం.

మొదటి రోజు: రంపచోడవరం

గోకవరం దాటాక పొలాలు అయిపోయి అడవి మొదలవుతుంది. టైరు గాలి, పెట్రోలు ఇక్కడే చూసుకోండి. పైకి వెళ్ళాక సిగ్నల్ వస్తుంది, పోతుంది. కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

రంపచోడవరం దగ్గర రంప జలపాతం చూస్తారు, పక్కనే రంప ఊళ్ళో పాత శివాలయం చూస్తారు. అరగంటలో అయిపోతుంది. కానీ "రంప" అనే ఈ చిన్న ఊరి పేరు మద్రాసు ప్రభుత్వాన్ని రెండుసార్లు నిద్రపోనివ్వలేదు. మొదటిసారి 1879లో.

కథ ఏంటంటే, ఈ కొండల్లో అప్పటికి ముఠాదారీ పద్ధతి ఉండేది. కొన్ని ఊళ్ళు కలిపి ఒక ముఠా, దానికొక ముఠాదారు. ఈ ముఠాదార్లందరి మీదా రంప మున్సబుదారు. ఆయన కింది ముఠాదార్ల దగ్గర పన్ను పెంచుకుంటూ పోయాడు. దానికి తోడు చిగురుపన్ను అని ఒకటి. అంటే కల్లు మీద పన్ను. కొండమీద జీలుగు కల్లు అంటే మనం అనుకునే తాగుడు వ్యవహారం కాదు. ఏడాదిలో కొన్ని నెలలు అదే ఆహారం, అదే పండగ, అదే చుట్టరికం. అలాంటి కల్లుని సొంతానికి గీసుకోకూడదని కొత్త అబ్కారీ నిబంధనలు వచ్చాయి. కాంట్రాక్టు పాడుకున్నవాడికి డబ్బు కట్టాలి. వాడు ఊరుకుంటాడా?

ఇంకో సంగతి. మైదానం నుంచి వెళ్ళిన వ్యాపారులు కొండవాళ్ళకి అప్పులిచ్చి, కింద కోర్టుల్లో దావాలు వేసేవారు. సమను ఏంటో, వాయిదా ఏంటో తెలియని మనిషి కోర్టుకి వెళ్ళడు కదా. ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేసేది. పశువులు, ధాన్యం పట్టుకుపోయేవారు. ఇది ఇంగ్లిషువాళ్ళు మాత్రమే చేసిన పని కాదు. డెల్టా నుంచి పైకి వెళ్ళిన మనవాళ్ళు చేసిన పని కూడా. మనం దీన్ని కొంచెం గట్టిగానే గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఈరోజు మనం కూడా డెల్టా నుంచే పైకి వెళ్తున్నాం.

1879 మార్చిలో పితూరీ మొదలైంది. పోలీసుల మీద, స్టేషన్ల మీద దాడులు. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య లాంటివాళ్ళు ముందు నిలిచారు. కొన్ని నెలల్లోనే ఇటు విశాఖ జిల్లా గొలుగొండ కొండలకి, అటు భద్రాచలం తాలూకాలో రేకపల్లి వైపుకి పాకింది. మద్రాసు నుంచి ఆరు రెజిమెంట్ల పదాతి దళం, అశ్వదళం, సాపర్స్ అండ్ మైనర్స్, ఆఖరికి హైదరాబాదు నుంచి కూడా సైన్యం దిగింది. ఇంత సైన్యాన్నీ సగం ఓడించింది మన్యం జ్వరం, అంటే మలేరియా. ఇప్పటికీ ఈ ట్రిప్‌కి నా లగేజీ లిస్టులో మొదటి వస్తువు ఓడోమాస్. పిల్లలకి ఫుల్ చేతుల చొక్కాలు. నవ్వకండి, ఇది హిస్టరీ చెప్పిన సలహా.

1880లో చంద్రయ్య, తమ్మన్నదొర ఇద్దరూ చనిపోయారు. పితూరీ అణిగింది. కానీ ప్రభుత్వం ఒకటి ఒప్పుకోవాల్సి వచ్చింది. మున్సబుదారుని తీసేసి ముఠాదార్లతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది. అంటే ఫిర్యాదులో నిజం ఉందని వాళ్ళ ఫైళ్ళే చెప్తున్నాయి.

రంపచోడవరం జంక్షన్: కుడికి వెళ్తే ఏముంది?

మన ప్లాన్‌లో ఇక్కడి నుంచి మారేడుమిల్లి వెళ్తాం. కానీ ఇక్కడే ఇంకో రోడ్డు ఉంది. ఎన్‌హెచ్ 516ఈ. రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్తుంది. రోడ్ ట్రిప్ వీడియోలు చేసేవాళ్ళకి పండగ. డ్రోన్ ఎగరేస్తే చాలు, వ్యూస్ వస్తాయి.

ఆ రోడ్డు మీద కొయ్యూరు అనే పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 1924 మే 7న అల్లూరి సీతారామరాజుని పట్టుకుని కాల్చి చంపింది అక్కడే.

అల్లూరి గురించి మనందరికీ సినిమాల్లోంచి తెలుసు. విల్లు, కాషాయం, మీసం. సినిమాల్లో తక్కువగా కనిపించే ఒక మాట చెప్తాను: రోడ్డు. 1922 తిరుగుబాటు కారణాల్లో పోడు మీద ఆంక్షలు ఒకటి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు ఫారెస్టు గీతలు గీశారు, తాతల నాటి పోడు నేరం అయిపోయింది. రెండో కారణం, గూడెం వైపు రోడ్ల పని. నర్సీపట్నం నుంచి కొండమీదకి రోడ్డు వేయడానికి అక్కడి డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత వెట్టి చేయించాడు. సరైన కూలి లేదు, ఎదురు మాట్లాడితే దెబ్బలు. సీతారామరాజు పేరు మీద మొదట కదిలినవాళ్ళలో గాం గంటందొర, మల్లుదొర ఉన్నారు. ఈ బాస్టియన్‌తో పడ్డ గొడవలే వాళ్ళని ఆ దారికి తెచ్చాయి.

ఆగస్టు 22 చింతపల్లి, 23 కృష్ణదేవిపేట, 24 రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆఫీసర్లు చనిపోయారు. అక్టోబరులో అడ్డతీగల స్టేషన్ మీదకి ముందే కబురు పంపించి మరీ వెళ్ళారు. ఆఖరికి మలబార్ స్పెషల్ పోలీసు, అస్సాం రైఫిల్స్ దిగితే గానీ అణగలేదు. పట్టుబడి శిక్ష పడ్డ గాం మల్లుదొర స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు పాత కోడ్‌లో ఒక వింత లైను కనిపిస్తే, దాన్ని తీసేసే ముందు అది ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో హిస్టరీ తీసి చూసేవాళ్ళం. రోడ్డు కూడా అంతే. మనకి రోడ్డు అంటే సుఖం. 1922లో గూడెం కొండల్లో రోడ్డు అంటే సర్కారు వచ్చే దారి. పోలీసు, కాంట్రాక్టరు, ఫారెస్టు గార్డు, పన్ను, అన్నీ ఆ రోడ్డు మీదే పైకి వస్తాయి. కలప, వెదురు ఆ రోడ్డు మీదే కిందకి పోతాయి. అదే కొండవాళ్ళకి ఇప్పుడు రోడ్డు కావాలి. కాన్పు నొప్పులు వచ్చిన మనిషిని డోలీలో మోసుకురావాల్సిన ఊళ్ళు ఏజెన్సీలో ఇంకా ఉన్నాయి. అప్పుడు వద్దన్నది రోడ్డుని కాదు, తమ మీద ఎక్కి వచ్చిన రోడ్డుని. ఇప్పుడు అడుగుతున్నది తమ కోసం వేసే రోడ్డుని. ఈ రెండింటికీ తేడా తెలిస్తే 1922 సగం అర్థమైనట్టే.

మారేడుమిల్లి రాత్రి

మారేడుమిల్లిలో బస. అటవీశాఖ, స్థానిక గిరిజనుల సంఘాలు కలిసి నడిపే కాటేజీలు ఉన్నాయి. ముందే బుక్ చేసుకోండి. పుష్ప షూటింగు తర్వాత శని, ఆదివారాలు రద్దీ విపరీతం. జలతరంగిణి, అమృతధార, రోడ్డుకి దగ్గర్లోనే. బొంగు చికెన్ తింటారు, సరే. ఆ బొంగు అంటే వెదురు, దానికీ కథ ఉంది.

డెల్టాలో మన పాత మండువా ఇళ్ళ దూలాలు, తలుపులు ఎక్కడివి అనుకుంటున్నారు? పై అడవుల టేకు, తెప్పలుగా కట్టి గోదాట్లో వదిలితే రాజమండ్రి చేరేది. కలప వ్యాపారం మన ఊరికి ఒక పెద్ద ఆదాయం. 1924లో, అంటే అల్లూరి చనిపోయిన ఏడాదే, రాజమండ్రిలో పేపర్ మిల్లు పుట్టింది. తర్వాతి దశాబ్దాల్లో ఏజెన్సీ వెదురు దానికి మేత. మన చిన్నప్పటి నోటు పుస్తకాల్లో కొన్ని ఈ కొండల్లో మొలిచినవే అయి ఉంటాయి. కాబట్టి బొంగులో చికెన్ తిన్నాక ఆ బొంగు, ప్లాస్టిక్ సీసా రోడ్డు పక్కన పారేయకండి. ఆ కొండ ఇప్పటికే చాలా ఇచ్చింది.

రెండో రోజు: ఘాట్, చింతూరు

ఘాట్ పగలే దిగండి. మలుపులు ఎక్కువ, పొగమంచు ఉంటుంది, రాత్రి ప్రయాణం వద్దే వద్దు. కడుపులో తిప్పే పిల్లలకి ముందే మందు వేయించండి. కింద సోకులేరు వాగు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకోండి. చింతూరులో ఎన్‌హెచ్ 30 కలుస్తుంది. కుడికి వెళ్తే కుంట, జగదల్‌పూర్. ఎడమకి భద్రాచలం.

చింతూరు ఎంత విచిత్రమైన చోటో వినండి. ఇల్లు కదలకుండానే ఇన్ని పాలనలు చూసిన ఊరు తెలుగు దేశంలో తక్కువ. నిజాం కింద ఉండేది. 1860లో నిజాం గోదారి ఎడమగట్టు తాలూకాలని ఇంగ్లిషువాళ్ళకి ఇచ్చేశాడు. వాళ్ళు దాన్ని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో పెట్టారు. 1874లో మద్రాసు వైపు గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో తూర్పుగోదావరి నుంచి తీసి ఖమ్మంలో. 2014లో మళ్ళీ తూర్పుగోదావరిలో. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో.

1860లో ఎందుకు తీసుకున్నారు? బోట్ల కోసం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది కదా, ఆ ఊపులో కాటన్ దొర, ఆయన మనుషులు ఇంకో పెద్ద కల కన్నారు. గోదారి మీదుగా పైకి వార్ధా దాకా పడవలు నడపాలి, నాగపూర్ పత్తి నీళ్ళ మీద సముద్రానికి రావాలి అని. మధ్యలో మూడు చోట్ల రాళ్ళు అడ్డం. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. డబ్బు పోసీ పోసీ, ఈలోగా రైలు వచ్చేసి, 1871లో పని ఆపేశారు. అంటే పాపికొండల మీదుగా రూటు ప్లాన్ చేసిన మొదటి ఇంజినీర్లు మనం కాదన్నమాట. ఆ ప్రాజెక్టు డెడ్‌లైను దాటి, బడ్జెటు దాటి మూతపడింది.

కానీ ఆ కలకి బిల్లు కట్టింది ఎవరు? 1874లో మద్రాసుకి మారాక రేకపల్లి వైపు పోడు పన్ను దాదాపు మూడింతలైంది, కొన్ని అడవుల్లోకి అసలు రానివ్వలేదు. అందుకే 1879లో రంప పితూరీ అక్కడికి పాకింది. ఎక్కడో మ్యాప్ మీద గీత మారితే ఇక్కడ గొడ్డలి పట్టుకున్న మనిషి బతుకు మారిపోయింది.

2014 మార్పు కూడా నీళ్ళ కోసమే. పోలవరం ముంపులో వస్తాయని ఖమ్మం జిల్లా ఏడు మండలాల్ని ఆంధ్రాలో కలిపారు. కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొంత, భద్రాచలం టౌను తప్ప ఆ మండలం. అందుకే కారు ఆంధ్రాలోంచి తెలంగాణలోకి, మళ్ళీ ఆంధ్రాలోకి వస్తుంటే ఫోను "వెల్‌కమ్" మెసేజులు పంపుతూనే ఉంటుంది.

కూనవరం దగ్గర శబరి వచ్చి గోదారిలో కలిసే చోట తప్పకుండా ఆగండి. 2022 జులైలో వరద భద్రాచలం దగ్గర 71.3 అడుగులకి వచ్చినప్పుడు ఈ మండలాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. 1986 రికార్డు 75.6 అడుగులు. ఇక్కడ ఇళ్ళ గోడల మీద నీటి గీతలు కనబడితే, ఎవరినైనా అడగండి. ఏ గీత ఏ ఏడాదిదో వేలు పెట్టి చూపిస్తారు.

ఇక బోటు సంగతి

మా ఇంట్లో ఇదే పెద్ద పంచాయితీ. నాన్నగారికి బోటు కావాలి. ఆయన కుర్రతనంలో రాజమండ్రి రేవులో లాంచీ ఎక్కి పట్టిసీమ, దేవీపట్నం, పేరంటాలపల్లి చూసుకుంటూ వెళ్ళిన మనిషి. అమ్మ వద్దంటుంది. కారణం 2019 సెప్టెంబరు 15. వరద మీదున్న గోదాట్లో రాయల్ వశిష్ఠ అనే బోటు 77 మందితో కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. 26 మంది బయటపడ్డారు. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం తాళ్ళు వేసి, లంగర్లు వేసి, ఎన్నోసార్లు విఫలమై, అక్టోబరు 22న బోటుని పైకి తెచ్చింది. మా వీధిలో ఆ నెల రోజులూ టీవీ ముందు అందరూ ఎలా కూర్చున్నారో నాకు గుర్తుంది. ఎవరింట్లోనూ గట్టిగా మాట్లాడుకోలేదు.

ఆ చోటు ఎందుకు ప్రమాదం? రాజమండ్రి దగ్గర కిలోమీటర్ల వెడల్పున్న నది అక్కడ కొండల మధ్య కొన్ని వందల మీటర్లకి ఇరుకైపోతుంది. అన్ని నీళ్ళూ ఆ సందులోంచే పోవాలి. అందుకే లోతు, సుడి. పాత సరంగులకి ఈ చోట్లన్నీ పేర్లతో సహా తెలుసు.

కాబట్టి నా లెక్క ఇది. వర్షాకాలంలో వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి సమయం. అనుమతి ఉన్న బోటేనా, లైఫ్ జాకెట్ ఒంటికి కట్టుకున్నామా, ఆ రోజు నీటిమట్టం ఎంత, ఈ మూడూ చూశాకే ఎక్కండి. చూడ్డానికి తేదీ మార్చుకునే వీలుండాలి. అందుకే బోటుని కారు ట్రిప్‌తో ముడిపెట్టొద్దన్నాను. బుకింగ్ డబ్బు పోతుందన్న తొందర ఉంటే మనిషి "ఏం కాదులే" అంటాడు. ఆ మాట గోదారి దగ్గర పనికిరాదు. అమ్మ ఈ లెక్కకి ఒప్పుకుంది. ఎక్కుతుందా లేదా అనేది మాత్రం రేవులో చెప్తానంది.

ఇప్పుడు బోట్లు గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి వెళ్తున్నాయి. నాన్నగారు చూసిన దారి అలాగే లేదు. 2021లో కాఫర్‌డ్యామ్ అడ్డం పడి, నది స్పిల్‌వే వైపు తిరిగాక, పైన నీళ్ళు నిలిచాయి. దేవీపట్నం మునిగింది. మొత్తం ప్రాజెక్టు నిండితే 150 అడుగులు, నిర్వాసితులు లక్షకి పైగా కుటుంబాలు. వాళ్ళలో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు. 1879లో, 1922లో ఏ జనం పేరు విన్నామో వాళ్ళే. కొందరు గోకవరం చుట్టుపక్కల పునరావాస కాలనీల్లో ఉన్నారు. మొదటి రోజు మన కారు ఆ దారిలోనే వెళ్తుంది.

డెల్టాకి నీళ్ళు వద్దని నేను అనను. మా తాతగారి మూడెకరాలు కాలువ నీళ్ళతోనే పండాయి. కానీ 1852 నుంచి లెక్క చూడండి. టేకు, వెదురు, నీళ్ళు, అన్నీ పైనుంచి కిందకే వచ్చాయి. పైకి వెళ్ళింది పన్ను, డిక్రీ, పోలీసు, ఇప్పుడు టూరిస్టు. టూరిస్టయినా ఆ లెక్క కొంచెం సరిచేసే మనిషి కావాలి కదా. కాటేజీ అయినా, తేనె అయినా, చీపుళ్ళయినా, అక్కడివాళ్ళ చేతికే డబ్బు వెళ్ళేలా కొనండి. ఫొటో తీసే ముందు అడగండి. ఊరి పేరు అడగండి, పాత ఊరి పేరు కూడా అడగండి.

చివరిగా చిన్న పని. మీ ఇంట్లో ముంపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఉంటే, అక్కడ చదువుకున్నవాళ్ళు, ఉద్యోగం చేసినవాళ్ళు, లాంచీ నడిపినవాళ్ళు ఉంటే, ఫోనులో ఒక పది నిమిషాలు వాళ్ళ మాట రికార్డు చేయండి. ఊరి పేరు, రేవు పేరు, జాతర జరిగే నెల, నీళ్ళలో సుడి ఎక్కడుండేది, ఇలాంటివి. మాకు పంపితే వాళ్ళ అనుమతితో వచ్చే ఎపిసోడ్లలో పెడతాం. మన ప్లాన్‌లోని రోడ్లు ఏ మ్యాప్‌లోనైనా దొరుకుతాయి. ఈ వివరాలు మాత్రం ఆ మనుషుల దగ్గరే ఉన్నాయి.

వచ్చే వారం దుమ్ముగూడెం లాకుల గురించి విడిగా మాట్లాడుకుందాం. అందాకా సెలవండీ. బండి నెమ్మదిగా నడపండి.